తనంతట తానే

"తనంతట తానే" అన్న మాట ఈ కాలంలో బహు చవక అయిపోయింది. తొట్టి నిండగానే నీటి మోటారు తనంతట తానే ఆగుతుంది. చీకటి పడగానే వీధిదీపం తనంతట తానే వెలుగుతుంది. నెల తిరగగానే బ్యాంకులో వాయిదా సొమ్ము తనంతట తానే కోసుకుంటారు; ఈ ఒక్కటి మాత్రం ఏ నెలా మరిచిపోరు! ఇప్పుడు కచేరీలలో కంప్యూటర్లను కలిపే పెట్టె కూడా, కొత్తది తెచ్చి తీగ గుచ్చితే చాలు, తనంతట తానే పేరు పెట్టుకొని, చిరునామా తెచ్చుకొని, చేయవలసిన పని తెలిసికొని కొలువులో చేరిపోతున్నదట.

నేను గుమాస్తాను. ఇరవై ఏళ్ళ నౌకరీలో తనంతట తాను కదిలిన కాగితం ఒక్కటీ నా కంటపడలేదు. ఎవరో కదిలిస్తేనే కాగితం కదులుతుంది; కదిలించినవాడి పేరు మాత్రం దాని మీద వుండదు. అందుచేత ఈ కొత్త సంగతి వినగానే నమ్మబుద్ధి కాలేదు. విచారించాను. మెట్రిక్ వరకు చదివిన నాకు బోధపడినంత మేరకు ఆ విషయం చదువరులకు విన్నవించుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. యంత్రాల గొడవ మనకెందుకని పేజీ తిప్పవద్దు. ఇందులో మన సంగతి కూడా కొంత వున్నది.

ముందు మా వూరి మాట చెప్పాలి. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ముంబయి, షోలాపూరు, భీవండి, బల్లార్షా వంటి చోట్ల తాతల కాలంనుంచీ స్థిరపడినవారు. మీ పెద్దలు మూటాముల్లె కట్టుకొని మహారాష్ట్రానికి వచ్చినారు. మా సిరొంచవారి కథ వేరు. మేము వున్నచోటనే వున్నాము. మహారాష్ట్రమే మా వూరికి వచ్చింది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, ఎడమ గట్టున వున్న తాలూకా మాది. 1860లో నిజాం చేతినుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. సిరొంచ ముఖ్యపట్టణంగా అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి వుండేది. అది పోయి చాందా జిల్లాలో కలిసినాము. సెంట్రల్ ప్రావిన్సెస్ అన్నారు. స్వరాజ్యం వచ్చాక మధ్యప్రదేశ్ అన్నారు. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్రం, 1982లో గడ్చిరోలి జిల్లా. ఇల్లు కదలలేదు, గడప కదలలేదు. చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది. ఈ ముక్క కొంచెం గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. నడుమ ఆలాపల్లి అడవి. వానాకాలంలో వాగులు పొంగినాయంటే బస్సు ఏ వూళ్ళో ఆగిపోతుందో డ్రైవరుకే తెలియదు. 2022 జులైలో గోదావరీ ప్రాణహితా ఒక్కసారే పొంగినప్పుడు తాలూకాలో ఎన్నో వూళ్ళు నీట మునిగినవి. నదికి ఆవలి ఒడ్డు తెలంగాణ. మా పెళ్ళిసంబంధాలు, చుట్టరికాలు, పెద్ద జబ్బు చేస్తే వైద్యం అన్నీ అటు. సాత్‌బారా, దాఖలా, పింఛను, దస్తావేజులన్నీ ఇటు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. ఇట్లాంటి చోట కంప్యూటరు తీగ పనిచేయకపోతే అది పట్నంలో తీగ పనిచేయకపోవటం వంటిది కాదు. పట్నంలో మనిషి పక్క వీధికి పోతాడు. ఇక్కడ మళ్ళీ రేపటి బస్సే గతి.

కొన్నేళ్ళ క్రితం ఒక కచేరీలో (ఏ కచేరీ అన్నది అప్రస్తుతం) పిడుగు దెబ్బకు ఈ పెట్టె ఒకటి మాడిపోయింది. దాన్ని స్విచ్ అంటారు. స్విచ్ అంటే గోడమీది దీపం మీట అనుకునేరు, అది కాదు. ఇటుకంత మందంగా, హార్మోనియం పెట్టె అంత పొడవుగా వుండి, ముందువైపు వరసగా ఇరవయ్యో నలభయ్యో తీగల రంధ్రాలు వుంటాయి. ఒక్కొక్క గది కంప్యూటరు తీగా వచ్చి అందులో చేరుతుంది. ఎవరి మాట ఎవరికి చేరాలో చూసి పంపటం దాని పని. అది పోతే కచేరీ మొత్తం మూగదవుతుంది. కొత్త పెట్టె వచ్చినా, దానికి పని నేర్పేవాడు రావాలి. అతను ఎక్కడో దూరాన వుంటాడు. చేతిలో చిన్న కంప్యూటరు, సంచిలో నీలిరంగు తీగ పెట్టుకొని బస్సెక్కి రావాలి. పెట్టె పక్కన కూర్చొని గంటసేపు దానికి పేరు, చిరునామా, విధులూ ఒక్కొక్క అక్షరమూ కొట్టి నేర్పాలి. ఆ మనిషి వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ పన్నెండు రోజుల్లో నిరాధార్ పింఛను కాగితం కోసం ఒక ముసలమ్మ మూడుసార్లు వచ్చింది. తెలుగు తప్ప మరో ముక్క రాదు. మూడోసారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నిలబడి, "మిషిను ఇయ్యాల గూడ పలుకుతలేదా బిడ్డా?" అని అడిగింది. పలుకుతలేదని చెప్పాను. రాను పోను బస్సు చార్జీ ఎంతో నాకు తెలుసు. ఆమెకు వచ్చే పింఛను ఎంతో కూడా తెలుసు. ఆ మాట చాలా రోజులు నా చెవిలో వుండిపోయింది. పనిచేయటం లేదనలేదు, పలకటం లేదన్నది. తరువాత తెలిసింది, యంత్రాలకు సంబంధించి అంతకన్న సరయిన మాట లేదని.

మా అక్క కొడుకు హైదరాబాదులో ఈ తీగల పనే చేస్తాడు. దసరాకు వచ్చినప్పుడు అరుగుమీద కూర్చోబెట్టి అడిగాను: "అల్లుడా, ఆ పెట్టె తనంతట తానే ఎట్లా నేర్చుకుంటుందో నాకు తెలిసే భాషలో చెప్పు" అని. అతను చెప్పింది నా మాటల్లో చెబుతున్నాను.

కొత్తగా బదిలీ మీద వచ్చిన జవాను ఒకడు రాత్రివేళ తెలియని వూళ్ళో బస్సు దిగాడనుకోండి. ఎవరి ఇల్లు ఎక్కడో తెలియదు, ఎవరి పేరూ తెలియదు. ఏం చేస్తాడు? నడివీధిలో నిలబడి, "అయ్యా, ఇక్కడ మా కచేరీ వాళ్ళెవరయినా వున్నారా?" అని గట్టిగా కేక వేస్తాడు. వసతులు చూసే పెద్దగుమాస్తా ఆ కేక విని, "నేనున్నాను, ఫలానా నంబరు గది ఖాళీగా వున్నది, కావాలా?" అంటాడు. "ఆ గది నాకే ఇప్పించండి" అని జవాను అడుగుతాడు. "సరే, నీ పేర రాసుకొన్నాను" అని గుమాస్తా ఖాతాలో ఎక్కిస్తాడు. కేక, పిలుపు, కోరిక, ఖాయం: నాలుగే మాటలు. కొత్త స్విచ్ తీగ గుచ్చి కరెంటు ఇవ్వగానే చేసేది సరిగ్గా ఇదే. ఈ మర్యాదకు డీహెచ్‌సీపీ అని పేరు. రాల్ఫ్ డ్రోమ్స్ అనే అమెరికా ఆచార్యుడు పూనుకొని దీని నిబంధనలు రాశారు. 1993లో మొదట వెలువడి, 1997లో సవరించిన రూపంలో నేటికీ నడుస్తున్నది. మన చేతిలోని ఫోను ఇంటి వైఫైలో చేరేటప్పుడు కూడా ఈ నాలుగు మాటలే జరుగుతాయి. మనకు వినపడవు, అంతే.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి వున్నది. ఆ గది శాశ్వతంగా ఇవ్వరు. గడువు పెట్టి ఇస్తారు. గడువు సగం కాగానే, "ఇంకా వుంటాను" అని మళ్ళీ అడిగి పొడిగించుకోవాలి. అడగకపోతే గడువు తీరాక ఆ నంబరు మరొకరికి పోతుంది. అల్లుడు దీనికి ఏదో ఇంగ్లీషు మాట చెప్పబోయాడు. "ఎందుకురా, ఇది కౌలే గదా!" అన్నాను. పొలం రైతుది కాదు, కౌలు మాత్రం అతనిది. చిరునామా పెట్టెది కాదు, కౌలుకు తీసుకొన్నది. పెట్టెకు సొంతం ఏమిటంటే, పుట్టుకతో కర్మాగారంలోనే వేసిన పన్నెండు అక్షరాల గుర్తు, ఇంకా దాని వరస సంఖ్య. అవి ఎక్కడికి పోయినా మారవు. మా వూరి సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. నిజాం నుంచి గడ్చిరోలి దాకా మా చిరునామాలన్నీ కౌలు చిరునామాలే. వూరు మాత్రం ఆ వూరే.

ఇక్కడొక చిక్కు వున్నది. ఆ కేక తన వాడలోనే వినపడుతుంది. వాడ దాటి పోదు. వసతులు చూసే గుమాస్తా ఎక్కడో నాగపూరులోనో ముంబయిలోనో వుంటే ఎట్లా? అందుకని నడుమ ఒక మధ్యవర్తిని పెడతారు. మా వూళ్ళో వంతెనలు లేని రోజుల్లో ప్రాణహిత దాటాలంటే పడవవాడే దిక్కు. ఆవలి ఒడ్డువారికి కబురు చెప్పాలన్నా అతనితోనే చెప్పి పంపేవాళ్ళం. ఆ మధ్యవర్తి కూడా అట్లాంటి పడవవాడే. ఒడ్డున వినపడిన కేకను మోసుకుపోయి గుమాస్తా చెవిన వేస్తాడు. వూరికే వేయడు, "ఇది ఫలానా ఒడ్డునుంచి వచ్చిన కేక" అని కూడా చెబుతాడు. ఏ రంధ్రంలో గుచ్చిన తీగనుంచి వచ్చిందో చెప్పే ఏర్పాటు కూడా 2001నుంచీ నిబంధనలలో వున్నది. అది తెలిసినందువల్ల గుమాస్తా సిరొంచవాడికి సిరొంచ గదే ఇస్తాడు, నాగపూరు గది ఇవ్వడు.

గది దొరికింది. పని ఏమిటో తెలియాలి గదా! గది ఖాయం చేసే ఉత్తరంలోనే, "నీ విధుల కాగితం ఫలానా చోట, ఫలానా పేరుతో వున్నది, పోయి తెచ్చుకో" అని రెండు ముక్కలు అదనంగా రాస్తారు. నిబంధనలలో 66, 67 అంకెలు వేసిన గళ్ళు ఇందుకే వున్నవి. పెట్టె పోయి ఆ కాగితం తెచ్చుకుంటుంది, చదువుకుంటుంది, తన పేరు ఫలానా అని దిద్దుకుంటుంది, పనిలోకి దిగుతుంది. దూరాన్నుంచి నీలిరంగు తీగ సంచిలో వేసుకొని మనిషి రావలసిన పని తప్పింది.

ఇంతవరకు విని, "బాగుంది, మరి జనం వాడే దారిలోనే ఈ పెత్తనం కాగితాలు కూడా తిరుగుతాయా? ఎవడయినా చూస్తే?" అని అడిగాను. గుమాస్తా బుద్ధి అంతే గదా. అల్లుడు నవ్వి, "మంచి ప్రశ్న అడిగినవు మామా" అని వీలాన్ అనే దాన్ని గురించి చెప్పాడు.

దీనికి ఉపమానం నాకు నది ఆవలే దొరికింది. కాళేశ్వరం వెళ్ళినవారు చూసే వుంటారు: అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాళేశ్వరుడు, ఒకటి ముక్తీశ్వరుడు. పీఠం ఒకటే, దేవుళ్ళు ఇద్దరు. వీలాన్ కూడా అంతే. తీగ ఒకటే, దానిలో దారులు అనేకం. ఒక దారిలో పోయే మాట రెండో దారివారికి వినపడదు. ఏ మాట ఏ దారిదో తెలియటానికి, టపా సంచికి చీటీ కట్టినట్లు, ప్రతి మాటకూ ఒక చిన్న చీటీ తగిలిస్తారు. ఈ చీటీ ఎట్లా వుండాలో 1998లో ప్రపంచమంతటికీ ఒకే నియమం చేశారు. ఒక తీగలో 4094 దారుల దాకా పెట్టుకోవచ్చు. కచేరీ కంప్యూటర్లకు ఒక దారి, జనం వాడే మిషన్లకు ఒక దారి, కెమెరాలకు ఒక దారి. పెట్టెలకు ఆజ్ఞలిచ్చేవారి మాటలు పోవటానికి ప్రత్యేకంగా మరొక దారి. దానినే మేనేజ్‌మెంట్ వీలాన్ అంటారు. గర్భగుడిలోకి పూజారి పోయే దారి వంటిదది. భక్తుల వరస అటు పోదు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. కొత్తగా వచ్చిన పెట్టెకు ఈ చీటీల సంగతి ఏమీ తెలియదు. ఆజ్ఞల దారి నంబరు ఎంతో తెలియదు; అది తెలిసేది విధుల కాగితం చదివాకనే. కాగితం తెచ్చుకోవాలంటే ముందు దారి తెలియాలి. మరి ఎట్లా? అది చీటీ కట్టకుండానే, పుట్టుకతో వచ్చిన మాటలో కేక వేస్తుంది. పై పెట్టె చీటీ లేని మాటను వినిపించుకోకపోతే కొత్త పెట్టె ఎంతకాలం అరిచినా అరణ్యరోదనమే. అందుకని పై పెట్టెలో, "చీటీ లేని మాట వస్తే తోసివేయవద్దు, ఈ దారిలో వేసి గుమాస్తా దగ్గరకు పంపు" అని ముందే ఏర్పాటు చేసి వుంచుతారు. ఈ దారిని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసునా? నేటివ్ వీలాన్. నేటివ్ అంటే పుట్టుకతో వచ్చినది, సొంతవూరిది.

ఆ మాట వినగానే నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే నా చదువు మొదలయిన రోజు జ్ఞాపకం వచ్చింది. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లవాణ్ణి తీసుకుపోయి మరాఠీ బళ్ళో కూర్చోబెట్టినారు. గురువుగారు ఏదో అడిగితే నేను తెలుగులో చెప్పాను. ఆయన మరాఠీవారే, కాని ఎన్నో ఏళ్ళు ఈ ప్రాంతంలో పనిచేసి తెలుగు నేర్చుకొన్నవారు. నవ్వకుండా, కసురుకోకుండా, తెలుగులోనే "కూర్చో నాయనా" అన్నారు. తరువాత పలకమీద మరాఠీ అక్షరం రాసి, తెలుగులో దాని పేరు చెప్పారు. రెండు నెలలు తిరగకముందే నేను మరాఠీలో జవాబు చెప్పసాగాను. ఈనాడు రెండు భాషల్లో ఉత్తరాలు రాసి పొట్టపోసుకొంటున్నానంటే ఆ మొదటి రోజు నా చీటీ లేని మాటను ఆయన విన్నందువల్లనే. పక్క వరసలో కూర్చొన్న కొందరికి అట్లా జరగలేదు. వారు రెండో తరగతి చూడకుండానే పశువుల వెంట పోయినారు. వారి తెలివి నాకంటే తక్కువదేమీ కాదు.

అల్లుడు ఇంకొక గండం కూడా చెప్పాడు. కొత్త పెట్టె విధుల కాగితం చదివి, "ఇకనుంచి నా ఆజ్ఞలు ఫలానా నంబరు దారిలో వింటాను" అని పాత దారి వదిలివేస్తుంది. అప్పటికి పై పెట్టె ఆ కొత్త దారిని తెరిచి వుంచకపోతే? పాత దారి పోయింది, కొత్తది లేదు. పెట్టె దీపాలు వెలుగుతూనే వుంటాయి, ప్రాణం వుంటుంది, కాని ఎవరికీ పలకదు. అందుకే తెలిసినవారు ముందు పైన దారి తెరుస్తారు, తరువాతనే కింద మార్చమంటారు. కొన్ని యంత్రాలలో ఇంకో జాగ్రత్త కూడా వున్నది. జునిపర్ కంపెనీ పెట్టెలలో, మార్పు చేశాక పది నిమిషాలలోగా "బాగానే వున్నది" అని మళ్ళీ కబురు పంపకపోతే, అది మార్పును రద్దు చేసుకొని పాత పద్ధతికి వచ్చేట్లు ఆజ్ఞ ఇవ్వవచ్చునట. కొత్త భాష నిలదొక్కుకొనేదాకా పాత భాషను వదలవద్దని ఆ యంత్రాలకు ఎవరో చెప్పినారు. మన పిల్లలకు మనం చెప్పామా అని ఆలోచించవలసిన మాట.

నమ్మకం మాట కూడా చెప్పి తీరాలి. కేక వేసినవాడికి ఎవరు ముందు పలికితే వారిదే ఇల్లు. పలికినవాడు మంచివాడో కాదో కొత్తవాడికి ఏం తెలుసు? ఇంకొక చోట, పేరు అనవసరం, ఒకరు ఇంట్లో వాడే చిన్న వైఫై డబ్బా తెచ్చి కచేరీ తీగకు గుచ్చారు, ఫోనుకు సిగ్నల్ బాగా వస్తుందని. ఆ డబ్బాలో కూడా వసతులు ఇచ్చే చిన్న గుమాస్తా ఒకడు వుంటాడు. దూరాన వున్న అసలు గుమాస్తా పలికేలోపల ఇంట్లో వున్న ఈ దొంగ గుమాస్తా పలికి, అందరికీ లేని గదుల నంబర్లు పంచిపెట్టాడు. సగం కచేరీ ఎటూ కాకుండా పోయింది. కారణం దొరికేదాకా వైరస్ అన్నారు, కరెంటు అన్నారు, ఆఖరుకు గ్రహణం కూడా అన్నారు! దీనికి విరుగుడు వున్నది: ఫలానా రంధ్రంనుంచి వచ్చిన జవాబునే నమ్ము, మిగతా రంధ్రాలనుంచి ఎవరయినా గుమాస్తానని పలికితే నోరు మూయించు, అని పెట్టెకు చెప్పి వుంచటం. అంతకన్న గట్టి పద్ధతి 2019లో నిబంధనగా వెలువడింది. దాని ప్రకారం, పెట్టెను తయారుచేసిన కంపెనీ తరఫున, "ఈ పెట్టె యజమాని ఫలానావారు" అని ఒక హక్కుపత్రం పుడుతుంది. ఆజ్ఞలిచ్చేవాడు ఆ పత్రం చూపిస్తేనే పెట్టె వింటుంది. మనం పొలానికి సాత్‌బారా అడిగినట్లే. గది ఇస్తానన్న ప్రతివాడి మాటా వినటం అతిథికి మంచిది కాదు, యంత్రానికీ మంచిది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఆ దూరపు గుమాస్తాకు, ఈ వరస సంఖ్య గల పెట్టె సిరొంచలో ఫలానా కచేరీదని, దాని పేరు ఇదని, ఎన్నో రంధ్రం ఏ గదిదో ఎవరు చెప్పారు? అల్లుణ్ణి అడిగితే, "అది పట్టికలో వుంటది మామా" అన్నాడు. పట్టిక ఎవరు రాశారురా? అతను ఒక క్షణం ఆగి, "ఆయా కచేరీల వాళ్ళే రాసి పంపుతరు" అన్నాడు. అనగా నావంటి గుమాస్తాలు!

నిజమే. ఆ పిడుగు తరువాత కొన్నాళ్ళకు మాకు కూడా ఒక పట్టిక వచ్చింది, నింపి పంపమని. నేను నాలుగు రోజులు కుర్చీలు ఎక్కి దిగి, బల్లల కింద దూరి, ఒక్కొక్క తీగ ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతున్నదో చూసి రాసినాను. వూళ్ళ పేర్ల దగ్గర మరీ కష్టమయింది. మేము సిరొంచ అంటాము, మరాఠీలో సిరోంచా అంటారు. ఇంగ్లీషులో రాసేసరికి చివర ఒక అక్షరం పెట్టేవాడు పెడతాడు, మానేవాడు మానుతాడు. ఆసరెల్లిని ఒకరు ఒకరీతిగా, మరొకరు మరొకరీతిగా రాస్తారు. మనిషికి అవి ఒక వూరే. యంత్రానికి మాత్రం ఒక్క అక్షరం తేడా వస్తే రెండు వూళ్ళు. నేను రెండు భాషల ఉచ్చారణా ఎరిగినవాణ్ణి గనుక, ప్రతి వూరికీ ఒకే రాత నిర్ణయించి, చివరిదాకా దానినే రాశాను. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోదగ్గ పని అని నాకూ అప్పుడు తోచలేదు.

ఆ తరువాత ఒక జూన్ నెల తొలకరిలో మళ్ళీ పిడుగు పడింది, మళ్ళీ పెట్టె మాడింది. మూడో రోజు ఎస్టీ బస్సులో పార్సెలుగా కొత్త పెట్టె వచ్చింది, మనిషి రాలేదు. ఫోనులో ఒక కుర్రవాడు మరాఠీలో మాట్లాడి, పెట్టె వీపున వున్న వరస సంఖ్య చదవమన్నాడు. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ అతను తిరిగి చదివాడు. పాత పెట్టె పేరు, విధులు ఈ సంఖ్య ఎదుట రాసుకొన్నానని, ఇక తీగ గుచ్చమని చెప్పాడు. పై తీగ ఏదో నా పట్టికలో వుండనే వున్నది. గుచ్చాము. ఎర్రటి దీపం వెలిగింది, ఆరింది. పెట్టె ఒకసారి తనే ఆగి మళ్ళీ లేచింది. పావుగంట తరువాత పచ్చదీపాలు వరసగా వెలిగినవి. మా జవాను చప్పట్లు కొట్టి "ఆపోఆప్ ఝాలం, సాహెబ్!" అన్నాడు. మరాఠీలో దాని అర్థం, తనంతట తానే అయిందని.

నేను కాదనలేదు. అతని సంతోషం పాడుచేయటం ఎందుకు? పన్నెండు రోజులకు బదులు మూడు రోజులలో కచేరీకి నోరు వచ్చింది. ఆ మూడు రోజులు కూడా బస్సువే, యంత్రానివి కావు. వెనకటి ముసలమ్మ ఆ రోజు రాలేదు. ఆమె వూరివారే మరెవరో వచ్చి, ఒక్క రాకతోనే కాగితం తీసుకొని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయినారు. అంతకన్న మనకు కావలసింది ఏమున్నది?

కాని ఇంటికి పోతూ నాలో నేను లెక్క వేసుకొన్నాను. ఆ పావుగంట వెనక నా నాలుగు రోజుల పట్టిక వున్నది; పై పెట్టెలో చీటీ లేని మాటకు దారి విడిచిపెట్టిన ఎవరో ఇంజనీరు ముందుచూపు వున్నది; దూరాన విధుల కాగితం రాసి పెట్టినవారి శ్రమ వున్నది; ముప్పై ఏళ్ళ కిందట నాలుగు మాటల మర్యాదను నిర్ణయించినవారి ఆలోచన వున్నది. ఇవన్నీ ముందే జరిగినవి గనుక, ఆ రోజు చూసినవారికి తనంతట తానే అయినట్లు తోచింది. పెళ్ళిపందిట్లో విస్తరి ముందు కూర్చొన్నవాడికి వంట తనంతట తానే అయినట్లు తోచదా? వంటశాలవైపు తొంగిచూస్తే తెలుస్తుంది.

ఇదంతా ఇప్పుడు చెప్పటానికి కారణం వున్నది. పల్లెలన్నిటికీ గాజుతీగ వేయాలని కేంద్ర ప్రభుత్వం 2011లో ఒక పథకం తలపెట్టింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2023లో దాన్ని మళ్ళీ సవరించి, ఒకచోట తీగ తెగినా రెండోవైపునుంచి మాట చేరేట్లు వలయాకారంగా వేయాలని నిర్ణయించారు. మంచిదే. మావంటి అడవి తాలూకాలకు అంతకన్న మేలు లేదు. వూరూరా పెట్టెలు వస్తాయి. ప్రతి పెట్టె దగ్గరకూ ఇంజనీరు రాలేడు. తమంతట తామే కొలువులో చేరే పెట్టెలే శరణ్యం. కాని పెట్టెలు కొనేటంత ఉత్సాహం పట్టిక రాయటంలో కూడా వుండాలి. ఆ పట్టిక రాసేవాడికి ఆ వూరి తీగలూ తెలియాలి, వూరి పేరు ఆ వూరివారు ఎట్లా పలుకుతారో కూడా తెలియాలి. ఆ మనిషి అక్కరలేదనుకొంటే, మాడిపోయిన పెట్టె స్థానంలో కొత్తది వచ్చి, దీపాలు వెలిగించుకొని, ఎవరికీ పలకకుండా కూర్చుంటుంది.

కాబట్టి ఈసారి మీ కచేరీలోనో, బ్యాంకులోనో, పిల్లల బడిలోనో "ఇకమీదట అన్నీ తమంతట తామే అవుతాయి" అని ఎవరయినా అంటే సంతోషించండి. సంతోషించి, రెండు ప్రశ్నలు మాత్రం అడగండి. పట్టిక ఎవరు రాస్తున్నారు? చీటీ లేకుండా వచ్చినవాడి మాట వినటానికి దారి ఏదయినా విడిచిపెట్టినారా? రెండింటికీ జవాబు వుంటే నిశ్చింతగా ఇంటికి రావచ్చు. ఆ దారి మాత్రం పెట్టెలకే కాదు. బస్సు దిగి గుమ్మం దగ్గర నిలబడిన ముసలమ్మకు కూడా కావాలి.